చిక్కబళ్ళాపురం చిన్న రైలు

బెంగుళూరు–చిక్కబళ్ళాపురం లైట్ రైల్వే 1915లో యలహంక నుంచి బయలుదేరి, దేవనహళ్ళి మీదుగా, నంది కొండల పాదాన్ని ఒరుసుకుంటూ చిక్కబళ్ళాపురం చేరిన ఆవిరి బండి దారి. దాని పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. మద్రాసు నుంచి బెంగుళూరు వచ్చే పెద్ద రైలు దారి వెడల్పు 1676 మిల్లీమీటర్లు కాగా, ఇది అందులో సగం కూడా లేదు. 1918 నాటికి ఈ చిన్న దారి బెంగుళూరు దాకా వచ్చింది. అవతల చిక్కబళ్ళాపురం నుంచి శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం, కోలారు మీదుగా బౌరింగుపేట వరకు అదే కొలతలో ఇంకో దారి పడింది. ఆ బౌరింగుపేటే నేటి బంగారుపేట. యలహంక నుంచి బంగారుపేట దాకా మొత్తం 149 కిలోమీటర్ల దారి అర్ధచంద్రాకారంలో నగరపు ఉత్తర, తూర్పు పల్లెలను చుట్టి వస్తుంది. బెంగుళూరు వీధుల్లో ట్రాము ఎన్నడూ నడవలేదు. ఇతర దేశాల్లో శివారు పల్లెలకు ఆవిరి ట్రాము చేసిన పనిని ఇక్కడ ఈ చిన్న రైలు చేసింది.

ఆవిరి ట్రాము అనగానే నగరం నడిబొడ్డున గంట కొట్టుకుంటూ వెళ్ళే పెట్టె గుర్తొస్తుంది గాని, 19వ శతాబ్దంలో దాని అసలు చోటు ఊరి చివర. పెద్ద రైలు దారి వేయడానికి సరిపడా ప్రయాణికులు లేని చోట, ఎడ్లబండితో పని జరగనంత సరుకు ఉన్న చోట అది పుట్టింది. ఇంగ్లండులో వాంటేజ్ అనే చిన్న పట్టణం తనకు దూరంగా పోయిన ప్రధాన రైలు దారిని అందుకోవడానికి 1875లో సొంత ట్రాము దారి వేసుకుని, కొద్ది కాలానికే దాని మీద ఆవిరి యంత్రాన్ని నడిపింది. బెల్జియం 1880ల్లో ఇలాంటి దారుల కోసమే ఒక జాతీయ సంస్థను పెట్టి పల్లెపల్లెకూ పట్టాలు వేసింది. ఇటలీ, హాలండు దేశాల్లోనూ నగరం చుట్టూ ఉన్న ఊళ్ళకు ఆవిరి ట్రాములే దిక్కయ్యాయి.

మన దేశానికి ఆ ఆలోచన త్వరగానే వచ్చింది. కలకత్తాలో గుర్రపు ట్రాముల మధ్య 1882లో ఆవిరి యంత్రాలను పరీక్షగా నడిపి చూశారు. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగు కూలీలు వేల సంఖ్యలో ఉన్న రంగూనులో 1884లో ఆవిరి ట్రాము మొదలైంది. కరాచీలో మరుసటి ఏడు వచ్చింది. 1886లో భారత ట్రాము మార్గాల చట్టం చేశారు. డార్జిలింగు కొండ రైలును కట్టిన కంపెనీ కూడా 1879లో ఆవిరి ట్రాము కంపెనీగానే పుట్టింది. దారి పూర్తయిన 1881లో పేరు మార్చుకుని రైల్వే కంపెనీ అయింది. కలకత్తాకు ఆవలి ఒడ్డున హౌరా నుంచి ఆమ్టాకు 1897లో మొదలైన రెండడుగుల దారి రోడ్డు పక్కనే పల్లెల మధ్యగా సాగి 1971 దాకా బతికింది. మద్రాసు మాత్రం ఆవిరి జోలికి పోకుండా 1895లో నేరుగా కరెంటు ట్రామునే దింపింది. ట్రాముకూ లైట్ రైల్వేకూ మధ్య గీత చాలాచోట్ల కాగితం మీదే ఉండేది. యంత్రం అదే, తేలిక పట్టాలూ అవే, ఎక్కే రైతులూ కూలీలూ సంత వ్యాపారులూ వాళ్ళే.

బెంగుళూరులో ట్రాము ఎందుకు రాలేదన్న ప్రశ్నకు నగరం ఎదిగిన తీరులో కొంత జవాబు దొరుకుతుంది. 1537లో కెంపేగౌడ కట్టించిన పేట ఒకవైపు, 1809లో బ్రిటిషు సైన్యం దిగిన కంటోన్మెంటు మరోవైపు. పేట మైసూరు రాజ్యం కింద, కంటోన్మెంటు బ్రిటిషు అధికారుల కింద ఉండేవి. రెండింటికీ వేర్వేరు మునిసిపాలిటీలు. అవి కలిసింది 1949లో. ఈ రెండు ఊళ్ళనూ కలిపి ఒకే ట్రాము దారి వేయాలంటే రెండు ప్రభుత్వాలు ఒక మాట మీదికి రావాలి. 1898 నాటి ప్లేగు తర్వాత బసవనగుడి, మల్లేశ్వరం వంటి కొత్త పేటలు వెలిసినా జనం జట్కాలతోనే సరిపెట్టుకున్నారు. 1905లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చి వీధి దీపాలు వెలిగాయి గాని ఆ కరెంటు ట్రాము తీగలకు ఎక్కలేదు. బెంగుళూరు ట్రాన్స్‌పోర్టు కంపెనీ 1940లో సిటీ బస్సులు దింపే దాకా నగరం లోపల ఏర్పాటైన ప్రజా రవాణా అంటూ పెద్దగా ఏమీ లేదు.

రైలు మాత్రం చాలా ముందే వచ్చింది. జోలార్‌పేట నుంచి మద్రాసు రైల్వే పెద్ద పట్టాలు 1864లో కంటోన్మెంటుకు చేరాయి. 1876–78 కరువు మైసూరు రాజ్యంలో సుమారు అయిదో వంతు జనాన్ని పొట్టన పెట్టుకుంది. ఆ కరువులో కూలి కల్పించే పనిగా మొదలైన బెంగుళూరు–మైసూరు మీటరుగేజి దారి 1882లో పూర్తయింది. 1890ల మొదట్లో మరో మీటరుగేజి దారి యలహంక, దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు మీదుగా హిందూపురానికీ, అక్కడి నుంచి గుంతకల్లుకూ వెళ్ళింది. 1894 నాటికి బౌరింగుపేట నుంచి కోలారు బంగారు గనులకు పెద్ద పట్టాల దారి పడింది. పటం మీద చూస్తే ఈ దారులన్నిటి మధ్యా ఒక పెద్ద ఖాళీ మిగిలిపోయింది. జిల్లా కేంద్రమైన కోలారు ఊరికి రైలు లేదు. చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి ఆ ఖాళీలోనే ఉన్నాయి. బంగారం తవ్వే గనికి రైలు దొరికింది గాని ఆ గనులకు పేరిచ్చిన కోలారు ఊరు రైలు కోసం మరో ఇరవై ఏళ్ళు ఆగవలసి వచ్చింది.

ఈ ఖాళీలో ఉన్నది బీడు భూమి కాదు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళకు పేరుపడింది. చిక్కబళ్ళాపురం చుట్టూ బంగాళాదుంప, ఉల్లి, కూరగాయలు, బెల్లం; చింతామణిలో వేరుశనగ వ్యాపారం; శ్రీనివాసపురంలో మామిడి తోటలు; దేవనహళ్ళిలో పంపరపనసలు. తెలుగు పాఠకులకు ఈ నేల పరాయిది కాదు. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ తాలూకాల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. తెలుగులో కీర్తనలూ కాలజ్ఞానమూ చెప్పిన కైవారం తాతయ్య, యోగి నారేయణ, చింతామణి తాలూకాలోని కైవారం వారే. అనంతపురం జిల్లాకు నీరు మోసుకొచ్చి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్నేరు పుట్టేది ఈ నంది కొండల్లోనే.

ఇంత సరుకున్నా పెద్ద రైలు కంపెనీలు ఇటు చూడలేదు. ఊళ్ళు చిన్నవి, దూరాలు తక్కువ, పెట్టుబడికి తగ్గ రాబడి వస్తుందన్న నమ్మకం లేదు. ఇలాంటి చోట స్థానిక సంస్థలే పూనుకోవడం అప్పటికే దక్షిణాదిలో అలవాటైన పద్ధతి. తంజావూరు జిల్లా బోర్డు సొంత రైలు దారి వేసుకుంది. కృష్ణా జిల్లా బోర్డు సొంతదారుగా బెజవాడ–మచిలీపట్నం దారి 1908లో తెరుచుకుంది. ఆ రైళ్ళను పెద్ద కంపెనీలు నడిపినా దారి మీద హక్కు జిల్లాదే. కోలారు జిల్లా ఈ బాటనే పట్టింది. బౌరింగుపేట నుంచి కోలారుకు 18 కిలోమీటర్ల రెండున్నర అడుగుల దారి కోలారు జిల్లా రైల్వే పేరుతో 1913లో మొదలైంది. పడమటి వైపు పనిని బెంగుళూరు–చిక్కబళ్ళాపురం లైట్ రైల్వే కంపెనీ తలకెత్తుకుని, యలహంక నుంచి చిక్కబళ్ళాపురానికి 46 కిలోమీటర్ల దారిని 1915లో తెరిచింది. మధ్యలో మిగిలిన 85 కిలోమీటర్ల కోలారు–చిక్కబళ్ళాపురం ముక్క 1916 నాటికి పూర్తయింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలంలో, ఒక సంస్థానంలోని ఒక జిల్లా మూడేళ్ళలో ఇంత దారి సంపాదించుకోవడం చిన్న సంగతి కాదు.

ఆ రోజుల్లో మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకుల ఊరు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. ఆయన పుట్టింది చిక్కబళ్ళాపురానికి కూతవేటు దూరంలోని ముద్దేనహళ్ళిలో, చిన్నప్పటి చదువు చిక్కబళ్ళాపురంలో. 1912 నుంచి 1918 దాకా దివానుగా ఉన్న కాలంలో రాజ్యం రైళ్ళు రాజ్యం చేతిలోనే ఉండాలన్నది ఆయన పట్టుదల. మైసూరు–అరసికెరె దారి, తరికెరె–నరసింహరాజపురం రెండడుగుల దారి ఆ కాలంలో వచ్చినవే. అప్పటిదాకా మద్రాసు అండ్ సదరన్ మరాఠా కంపెనీ నడుపుతున్న మైసూరు మార్గాలు 1919లో సంస్థానం చేతికి తిరిగి వచ్చాయి. చిక్కబళ్ళాపురం రైలును దివానుగారు సొంత ఊరి మీద మమకారంతో తెచ్చుకున్నారని అనుకోవడం తేలికే గాని, అది న్యాయం కాదు. పనికి బీజం ఆయన దివాను కాకముందే పడింది. జిల్లా అవసరం అంతకన్నా పాతది.

రెండున్నర అడుగుల కొలత ఎంచుకోవడానికి కారణం ఖర్చు. పట్టాల మధ్య ఎడం తగ్గితే బండి చిన్నదవుతుంది, బరువు తగ్గుతుంది, తేలిక పట్టాలు సరిపోతాయి. మలుపును చిన్న వృత్తంలో తిప్పవచ్చు. కాబట్టి గుట్ట అడ్డమొస్తే తొలవకుండా చుట్టిపోవచ్చు, చెరువు అడ్డమొస్తే కట్టకు దూరంగా ఒంపు తిరగవచ్చు. బొంబాయి రాష్ట్రంలో ఇంజనీరు ఎవరార్డ్ కాల్త్రోప్ 1897లో తెరిచిన బార్సీ లైట్ రైల్వే ఈ కొలతకు దేశంలో మంచి పేరు తెచ్చింది. సరిగ్గా కడితే రెండున్నర అడుగుల దారి మీద కూడా పెద్ద సరుకు మోయవచ్చని అది చూపించింది. కోలారు సీమకు ఈ లెక్క బాగా అతికింది. పాలారు, పెన్నేరు, దక్షిణ పినాకిని ఇక్కడే పుట్టినా ఇక్కడ అవి ఇంకా వాగులే. పెద్ద వంతెనల అవసరం అంతగా లేకుండా చెరువుల మధ్య నుంచి దారి సాగిపోయింది.

యలహంక దాటాక మొదటగా చెప్పుకోవలసిన స్టేషను దొడ్డజాల. తర్వాత దేవనహళ్ళి. 1501లో ఆవతి పాలెగాడు మల్లబైరేగౌడ కోట కట్టించిన ఊరు. టిప్పు సుల్తాను పుట్టిన ఊరు. 1791లో కార్న్‌వాలిస్ సేనలు పట్టుకున్న కోట. ఆ పాలెగాళ్ళ మూలస్థానమైన ఆవతికి అవతిహళ్ళి స్టేషను. ఆ తర్వాత నంది హాల్టు. కింద భోగనందీశ్వరుడి గుడి, పైన 1,478 మీటర్ల ఎత్తున నంది దుర్గం. ఎండాకాలంలో దొరలు కొండమీద బంగళాలకు వెళ్ళేవారు, శివరాత్రికి ఊళ్ళకు ఊళ్ళు గుడికి తరలేవి. ఇద్దరికీ దిగే చోటు ఇదే. ఈ స్టేషన్లు ఒక మోస్తరు ఇంటికన్నా పెద్దవి కావు. టిక్కెట్టు కిటికీ, స్టేషను మాస్టరు గది, నాలుగు బెంచీలు పట్టే వసారా. లైట్ రైల్వే అంటే కట్టడాల్లోనూ ఖర్చు తేలికగా ఉండాలన్నదే నియమం.

తక్కువ ఖర్చు తెచ్చిన చిక్కు రెండు చివర్లా బయటపడింది. యలహంకలో చిన్న పట్టాలకు ఎదురుగా మీటరుగేజి, బంగారుపేటలో బ్రాడుగేజి. ఈ పెట్టెలు ఆ పట్టాలెక్కవు, ఆ పెట్టెలు ఇటు రావు. చింతామణిలో ఎక్కించిన వేరుశనగ బస్తా మద్రాసు చేరాలంటే బంగారుపేటలో దింపి మళ్ళీ ఎక్కించాలి. గుంతకల్లు వైపు పోవాలంటే యలహంకలో అదే పని. ప్రతి దించుడుకూ కూలి, ఆలస్యం, కొంత నష్టం. కూరగాయలకు, పట్టుగూళ్ళకు ఆలస్యమంటే ధర పడిపోవడమే. 1918 నాటికి చిన్న పట్టాలను యలహంక దగ్గర ఆపకుండా బెంగుళూరు దాకా తీసుకురావడం ఈ బాధను ఒకవైపు తగ్గించింది. దేవనహళ్ళి రైతు మూటతో ఎక్కితే మధ్యలో బండి మారకుండా నగరంలో దిగగలిగాడు. శివారు రైలుగా దీని విలువ అప్పుడే పూర్తిగా తేలింది.

చిన్న రైలుకు అసలు పోటీ రోడ్డు మీద వచ్చింది. 1930లకల్లా దేశమంతటా తక్కువ దూరాల ప్రయాణికులను మోటారు బస్సులు లాగేసుకున్నాయి. బస్సు ఊరి మధ్య ఆగుతుంది, రోజులో చాలాసార్లు వస్తుంది, గేజి బాధ లేదు. 1933లో మిచెల్–కర్క్‌నెస్ నివేదిక రైలు–రోడ్డు పోటీని లెక్కలు కట్టి చూపింది. ఆ పోటీలో ముందు నలిగేవి ఇలాంటి చిన్న దారులే. 1948లో మైసూరు ప్రభుత్వం సొంతంగా బస్సులు నడపడం మొదలుపెట్టాక బెంగుళూరు–చిక్కబళ్ళాపురం రోడ్డు మరింత సందడైంది. రైలు వేగం మాత్రం పెరగలేదు. తేలిక పట్టాలూ ఇరుకు మలుపులూ పెరగనివ్వవు. 1915లో ఖర్చు తగ్గించిన ఒంపులే తర్వాతి కాలంలో కాళ్ళకు బంధమయ్యాయి.

అయినా దారి మూతపడలేదు. సంస్థానాలు కలిశాక మైసూరు రైల్వే 1951 ఏప్రిల్ 14న ఏర్పడిన దక్షిణ రైల్వేలో భాగమైంది. హౌరా–ఆమ్టా వంటివి ఎత్తేసిన కాలంలోనూ ఇది నడిచింది. టిక్కెట్టు చవక, చింతామణి, శ్రీనివాసపురం పల్లెల్లో చాలామందికి నగరానికి పోయే దారుల్లో అందుబాటులో ఉన్నది ఇదే. అదే యలహంకలో 1984లో దేశమంతటి పెద్ద రైళ్ళకు చక్రాలు, ఇరుసులు తయారుచేసే కర్మాగారం ప్రారంభమైంది. దాని పక్కనే చిన్న బండి ఇంకొన్నాళ్ళు తిరిగింది.

1992లో రైల్వే శాఖ ఒకే గేజి పథకం చేపట్టాక చిన్న పట్టాలకు రోజులు దగ్గరపడ్డాయి. 1990ల మధ్యలో యలహంక–చిక్కబళ్ళాపురం, ఆ దశాబ్దంలోనే కోలారు–బంగారుపేట ముక్కలు బ్రాడుగేజి అయ్యాయి. కోలారు–బంగారుపేట మధ్య కొన్నేళ్ళ పాటు ఒంటి పెట్టె రైలు బస్సు తిరిగింది. నడుమ ఉన్న కోలారు–చిక్కబళ్ళాపురం దారి గతి వేరు. చిన్న బండి ఆగిపోయింది, పెద్ద బండి రాలేదు. ఏళ్ళ తరబడి చింతామణి, శిడ్లఘట్ట, శ్రీనివాసపురం మళ్ళీ పటంలో రైలు లేని ఊళ్ళయ్యాయి. 2013లో బ్రాడుగేజి పూర్తయి బండి తిరిగినప్పుడు ఆ ఊళ్ళలో ఒక తరం పిల్లలకు సొంత ఊళ్ళో రైలును చూడడం అదే మొదటిసారి.

దేవనహళ్ళి పక్కన బెంగుళూరు అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మే 24న తెరుచుకుంది. దాని సరిహద్దుకు దగ్గరగానే పాత దారి పోతోంది. అయినా విమానాశ్రయం పేరుతో ఒక హాల్టు పెట్టడానికి 2021 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. అన్నేళ్ళూ విమానాశ్రయంలో పనిచేసే వేలాది మంది రోడ్డు మీద గంటల కొద్దీ గడిపారు. ఆ తర్వాత యలహంక–చిక్కబళ్ళాపురం దారికి కరెంటు తీగలు వచ్చాయి. 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగిన బెంగుళూరు శివారు రైలు పథకంలో సంపిగె అని పేరు పెట్టిన మార్గం నగరం ప్రధాన స్టేషను నుంచి యలహంక మీదుగా దేవనహళ్ళికి సుమారు 41 కిలోమీటర్లు వెళ్ళవలసి ఉంది. వందేళ్ళ కిందట చిన్న రైలు ఏ దిక్కున పోయిందో, కొత్త శివారు రైలుకు గీసిన గీత కూడా ఆ దిక్కునే ఉంది.

పాత స్టేషన్లలో నాలుగింటిని, దొడ్డజాల, దేవనహళ్ళి, అవతిహళ్ళి, నంది హాల్టులను, వారసత్వ సంరక్షణ సంస్థ ఇన్‌టాక్ బెంగుళూరు శాఖ బాగుచేయించింది. శిథిలమవుతున్న చిన్న కట్టడాలను నిలబెట్టడం మెచ్చుకోదగ్గ పని. అయితే స్టేషను అంటే గోడలూ కప్పూ మాత్రమే కాదు. కూలికీ బడికీ సంతకూ పనికొచ్చే వేళల్లో బండి ఆగితేనే అది స్టేషను. ఈ దారిలో తిరిగే బళ్ళు ఇప్పటికీ కొద్ది.

రెండున్నర అడుగుల పట్టాలను తప్పుబట్టవలసిన పని లేదు. అంతకన్నా పెద్దవి కావాలని కూర్చుంటే కోలారు జిల్లాకు ఆ తరంలో రైలే వచ్చేది కాదు. తప్పు తర్వాతి కాలానిది: బస్సులు వచ్చాక ఆరు దశాబ్దాలు గేజి మార్చకుండా నాన్చడం, మార్చే పని మొదలుపెట్టి నడిమి దారిని ఏళ్ళకేళ్ళు ఖాళీగా వదిలేయడం, విమానాశ్రయం పక్కనే పోతున్న రైలును పన్నెండేళ్ళు ఆపకపోవడం. 1913 నుంచి 1916 మధ్య ఒక జిల్లాకు పట్టిన మూడేళ్ళకూ, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు తీసుకున్న కాలానికీ పోలికే లేదు.